నేను ఆయన్ని చెట్టు దించాను

నేను విశ్వాసంలోకి ఎలా వచ్చానో మందిరంలో నిలబడి చాలాసార్లు చెప్పాను. ఆ సాక్ష్యంలో నా భర్త గురించి రెండే ముక్కలు ఉండేవి. ఆయన కల్లు గీసేవాడు, ప్రభువు ఆయన్ని ఆ పని నుంచి విడిపించాడు. ఆ మాట అనగానే చాపల మీద కూర్చున్నవాళ్లందరూ స్తోత్రం అనేవారు. నేను కూర్చునేదాన్ని. మిగతాది ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఇప్పుడు రాస్తున్నది ఆ మిగతాది.

సిద్దిపేట నుంచి మిరుదొడ్డి వెళ్లే బస్సు దిగి మైలు దూరం నడిస్తే మా పల్లె వస్తుంది. నేను కోడలిగా వెళ్లేనాటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఎనభైల మొదట్లో సంగతి. మామ అప్పటికే లేడు. ఇంట్లో మా అత్త, నా భర్త, ఆయన తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కేవాళ్లే.

చెట్టెక్కే మనిషిని చొక్కా విప్పితే గుర్తుపట్టవచ్చు. ఆయన ఛాతీ మీద చర్మం నల్లగా, గరుకుగా మొద్దుబారి ఉండేది. రోజుకు మూడు పూటలు చెట్టుకు రాసుకుని అలా అయింది. చెట్టును, తనను కలిపి చుట్టుకునే లావుపాటి తాడును మోకు అంటారు. దాన్ని నడుముకు వేసుకుని, గీతగాళ్ల దేవుడు కాటమయ్యకు దండం పెట్టుకుని, ఆయన ఎక్కుతుంటే చూడటానికి నాకు భయం. చూడకుండా ఉండటం ఇంకా భయం.

కింద ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పైకి వెళ్తే మాత్రం గొంతు వచ్చేది. ఊళ్లోకి ఎవరొచ్చినా ముందు ఆయనకే కనిపించేది. "ఓ అవ్వా, సిద్దిపేట బస్సు మలిగింది. చిన్నమ్మ దిగింది, చేతుల సంచి ఉన్నది" అని కేక వేసేవాడు. మా అత్త నవ్వుకుంటూ ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసేది. ఊరి కబుర్లన్నీ ముందు ఆయనకు తెలిసి, ఆయన నోటి నుంచి కిందికి దిగేవి. కల్లు మాత్రం ఆయన తాగేవాడు కాదు. పులిసిందా లేదా అని నాలుక మీద ఒక చుక్క వేసుకుని ఉమ్మేసేవాడు.

పెళ్లయిన నాలుగో ఏడు మాకు కొడుకు పుట్టాడు. నలభయ్యో రోజు పోయాడు. రెండు రోజుల జ్వరం, మూడో రోజు పొద్దున చూస్తే లేడు. ఆ తర్వాత నేను మాట్లాడటం మానేశాను. కావాలని మానలేదు. మాట రాలేదు. మా అత్త ఎల్లమ్మకు కోడిని మొక్కింది. తాయెత్తు కట్టించింది. చివరికి నాకు జ్వరం వచ్చి, రొమ్ములు గడ్డకట్టి, సిద్దిపేట దవాఖానలో పడేశారు.

ఆ వార్డులో ఒక ఆయా ఉండేది. యాభై దాటిన మనిషి, ముతక తెల్లచీర. నేల తుడవడం అయ్యాక వచ్చి నా మంచం పక్కన కూర్చుంది.

"నీకేం గావాలె బిడ్డా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఏం వద్దా? ఐతె నేను ఊకె కూసుంట. నా పని అయిపోయింది."

కాసేపయ్యాక కళ్లు మూసుకుని, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. "అయ్యా, ఈ పిల్లకు పాలు ఆగుతలేవు. తాగేటోడు లేడు. నువ్వే జూడాలె."

అంతే. అదే ఆమె ప్రార్థన. కొడుకు పోయాక నన్ను అందరూ ఓదార్చారు. మళ్లీ పుడతాడన్నారు, రాత అన్నారు. ఆ పాల సంగతి ఎవరూ అనలేదు. నేను ఏడ్చాను. ఏడుస్తూ మాట్లాడాను. నా భర్త తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె వెళ్లే మందిరానికి సిద్దిపేట బస్సెక్కాను. మందిరం అంటే పెద్ద కట్టడం ఏమీ కాదు. ఒక సందులో కిరాయికి తీసుకున్న రేకుల గది. ముప్పై మంది దాకా వచ్చేవాళ్లు. అక్కడి పాస్టరును అయ్యగారు అనేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన మనిషి, సైకిలు మీద ఊళ్లు తిరిగేవారు. కాలర్ చిరిగిన చొక్కాను కుట్టుకుని వేసుకునేవారు. ఆయన్ని చెడ్డవాడని నేను ఎప్పుడూ అనను. మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ నా కొడుకును తలచుకుని ప్రార్థించేవారు.

ఐదో తరగతితో ఆగిన చదువు బైబిలు కోసం మళ్లీ మొదలైంది. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. లేవగానే ప్రార్థన. పొయ్యి ముట్టించే ముందు ప్రార్థన. ఆయన మోకు భుజాన వేసుకుని బయలుదేరితే, దిగేదాకా ప్రార్థన. కుంకుమ మానేశాను. ఎల్లమ్మ బోనానికి ఇంట్లోనే ఉండిపోయాను. అప్పటిదాకా నా బతుకు ఏదో ఒకటి జరుగుతూ పోయేది. ఇప్పుడు ప్రతి పనికీ ఒక అర్థం వచ్చింది. ఆ సంతోషం నిజం. తర్వాత ఎంత జరిగినా దాన్ని అబద్ధం అనలేకపోతున్నాను.

మా అత్త గొణిగేది. ఆయన మాత్రం, "ఊకో అవ్వా. ఆమె దేవుడు ఆమెను మాట్లాడిచ్చిండు. గది సాలు నాకు" అనేవాడు.

చిక్కు బాప్తిస్మం దగ్గర వచ్చింది. మండువలో, అంటే కల్లు అమ్మే జాగాలో, సాయంత్రం పూట కల్లు పోసేది మేమిద్దరం, నేనూ మా అత్త. బాప్తిస్మం అడిగినప్పుడు ఆ మాట అయ్యగారికి చెప్పాను.

"అమ్మా, నిన్ను ఆపాలని నాకు లేదు. కానీ నువ్వు పోసిన కల్లు తాగి ఎవడో ఇంటికెళ్లి పెళ్లాన్ని కొడతాడు. ఆ చేత్తోనే ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఎలా అందుకుంటావు? కొంచెం ఆలోచించు."

ఆ రోజు నుంచి నేను కల్లు పోయలేదు. లొట్టి, అంటే కల్లు కుండ, ముట్టనని దేవునికి మాట ఇచ్చాను. అయ్యగారికి అది చాలింది. నాకే చాలలేదు. తినే అన్నం కల్లుదే కదా అని మనసు కొట్టుకునేది. అయ్యగారు అడిగింది నా చేతిని. నా భర్త చెట్టు దిగాలని కోరింది నేను.

ఉపవాసం మొదలుపెట్టాను. మొదట వారానికి రెండు రోజులు, తర్వాత రోజూ పొద్దుగూకేదాకా.

"తింటలేవేంది? పాణం మంచిగలేదా?" అని నా భర్త అడిగాడు.

"ఉపాసమున్న."

"దేనికి?"

"నువ్వు చెట్టు దిగాలె అని."

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "దిగి ఏం జెయ్యాలె? మా తాత ఎక్కిండు, మా నాయిన ఎక్కిండు. నాకు నేల మీద పని తెల్వదు."

"దేవుడు సూపిస్తడు."

"నేను కల్లు ముట్టనని నీకు తెల్వదా? ఒక్కనాడన్న నీ మీద చెయ్యి లేపిన్నా?"

"నువ్వు మంచోనివే. తాగి కొట్టేటోల్లకు గీసి ఇచ్చేది నువ్వే గద."

ఆయన లేచి మోకు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాటతో గెలిచానని నేను ఆ రోజంతా లోలోపల పొంగిపోయాను.

నాట్ల కాలంలో ఒకరోజు మధ్యాహ్నం పొలం గట్టు మీద కళ్లు తిరిగి పడిపోయాను. ఆయనే ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. నోట్లో గంజి పోస్తూ, "ఇంకొకరిని పోగొట్టుకునుడు నాతోని గాదు" అన్నాడు. ఆ వారమే, ఒక పొద్దున చెట్లన్నీ ఎక్కి, లొట్లన్నీ దించి, వాకిట్లో వరసగా పెట్టాడు. గీత కత్తిని కళ్లకద్దుకుని మోకుతో పాటు తమ్ముడి చేతిలో పెట్టాడు.

"నాకెందుకే అన్నా? నాలుగు దినాలైతె మల్ల నువ్వే అడుగుతవ్" అన్నాడు మా మరిది.

"అడగ."

మా అత్త గడపలో కూర్చుని ఉంది. "వీడు ఎక్కుతుంటె పదిహేనేండ్లు బుగులుతోని బతికిన. ఇయ్యాల దిగిండు. ఐనా నా బుగులు వోతలేదు" అంది.

ఆ పూట నేను ఎంత సంతోషపడ్డానో కూడా రాయాలి. మోకాళ్ల మీద పడి, గోడకు తల ఆనించి, దేవునికి నా దగ్గరున్న మాటలన్నీ చెప్పుకున్నాను. ఇక పడి చస్తాడన్న భయం లేదు. ఇల్లు శుభ్రమైంది. నా వెనక, వాకిట్లో ఆయన ఏం చేస్తున్నాడో తలెత్తి చూడలేదు.

కులంలో మాటలు పడ్డాం. మండువ దగ్గర ఆయన్ని ఎగతాళి చేశారు. ఊళ్లో ఉండటం కష్టమై సిద్దిపేటకు వచ్చి మందిరానికి దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆయనకు ధాన్యం మార్కెట్టులో హమాలీ పని దొరికింది. నేను బీడీలు చేశాను. మందిరానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది చేసే పని అదే.

నేను అడిగితే బాప్తిస్మానికి ఆయనా సరే అన్నాడు. కోమటి చెరువులో ఇద్దరికీ ఒకేరోజు ఇచ్చారు. నేను నీళ్లలోంచి లేచి ఏడ్చాను. ఆయన లేచి ముఖం తుడుచుకుని, "నీల్లు సల్లగున్నయి" అన్నాడు. అయ్యగారు కౌగిలించుకుంటే బిగుసుకుపోయి నిలబడ్డాడు.

ఆయన ప్రార్థన మానలేదు. పాటలు నేర్చుకోలేదు కానీ చప్పట్లు కొట్టేవాడు. ఒకసారి మా గదిలో కూటం పెట్టినప్పుడు అయ్యగారిని అడిగాడు.

"అయ్యగారూ, చెట్టును జేసింది దేవుడే గద. అండ్ల కల్లు వెట్టింది ఎవరు?"

"చెట్టు దేవుడిదే అన్నా. దాన్ని మత్తుగా మార్చింది మనిషి."

"మనిషేం జెయ్యడు అయ్యగారూ. పొద్దుగాల దించితె తీపి. పగటీలికి అదే పులుస్తది. ఎండ జేస్తది."

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి వేరే మాటలోకి వెళ్లిపోయారు. నాకు సిగ్గనిపించింది. వాళ్లు వెళ్లాక, అలాంటివి అడగొద్దని చెప్పాను. ఆయన మళ్లీ ఏదీ అడగలేదు.

ఇంకోరోజు నేను చాటలో తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని చూస్తూ, "పొగాకు పాపం గాదా మరి?" అన్నాడు.

"మనం తాగుతలేము గద" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఊళ్లో ఆయన నాతో అన్నది అదే మాట అని, దాన్ని నేను ఒప్పుకోలేదని, నాకు కొన్నేళ్ల తర్వాత గాని తట్టలేదు.

బస్తాల కింద ఆయన మారిపోయాడు. వీపు వంగింది. ఛాతీ మీది గరుకు చర్మం నెమ్మదిగా పొట్టు లేచి, మెత్తబడింది. ఆ మెత్తదనం చూసి నేను సంతోషించాను. ఆయన మాత్రం స్నానం చేసేటప్పుడు దాన్ని అరచేత్తో తడుముకునేవాడు. మార్కెట్టులో ఆయనకు ఏ కబురూ ముందు తెలిసేది కాదు. వంచిన తల ముందు కనిపించేది ఎదుటివాడి మడమలే. ఇంటికి వచ్చి గోడకు ఆనుకునేవాడు. నేను చదివి వినిపించేదాన్ని. వింటూ నిద్రపోయేవాడు.

రెండో ఏడు ఒక సాయంత్రం ఆయన నోటి దగ్గర వాసన వచ్చింది. కల్లు వాసన నాకు తెలుసు. ఇది అది కాదు. సారా.

"నడుము వట్టేసింది. పక్కోడు ఇచ్చిండు. ఒక్క ప్యాకెట్టే" అన్నాడు.

అప్పట్లో సారా చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చేది. ఆ ఒక్కటి వారానికి ఒకటైంది, తర్వాత రోజుకు ఒకటి. సర్కారు సారా బందు పెట్టాక గుడుంబ తాగాడు. బతుకులో కల్లు మింగని మనిషి, నేను కల్లు గీయడం మాన్పించిన తర్వాత తాగుబోతయ్యాడు. నేను ఉపవాసాలు చేశాను. మందిరం వాళ్లు వచ్చి ఆయన తల మీద చేతులు పెట్టి ప్రార్థించారు. ఆయన తల వంచుకుని పెట్టించుకునేవాడు. ఆయన మనసు ఇంకా చెట్టు మీదే ఉందని ఒక పెద్దాయన నాతో అన్నాడు. అది నిజమే. కానీ ఆ పెద్దాయన అన్న అర్థంలో కాదు.

ఒకరోజు బాగా తాగి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"నేను మీద ఉన్నన్ని దినాలు తాగిన్నా? నువ్వే జెప్పు."

"లేదు."

"మరి?"

"లే. ప్రార్థన జేస్కుందాం" అన్నాను. నాకు వచ్చిన జవాబు అదొక్కటే. ఆయన నా మాట విని లేవబోయాడు. గుమ్మం పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు. కొట్టలేదు, తిట్టలేదు. తాగినా ఆయన ఎప్పుడూ నా మీద చెయ్యి లేపలేదు. లేపి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

తాగి వస్తున్నాడని అయ్యగారు ఆయన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టారు, రొట్టె ఇవ్వలేదు. బయటికి తీసుకెళ్లి, భుజం మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పారు. "మంచిది అయ్యగారూ" అన్నాడు ఆయన. ఆ తర్వాత ఆదివారాలు మందిరం బయట, చెప్పులు విడిచే చోట కూర్చునేవాడు. కూటం అయ్యాక నాతో కలిసి ఇంటికి నడవడానికే వచ్చేవాడు. లోపల నేను పాడుతుంటే నా గొంతు వినిపించేదట. ఒకసారి చెప్పాడు.

మరిది ఊరి నుంచి వచ్చాడు. "వదినె, అన్నను పంపు. చెట్లున్నయి. మండువల ఎవ్వడేమన్నా నేను జూస్కుంట. ఈడ సచ్చిపోతడు" అన్నాడు.

నేను అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల పట్టుకుని కూర్చుని, "నేను చెప్పలేనమ్మా. ప్రార్థించి నువ్వే నిర్ణయించుకో" అన్నారు. వద్దంటారనుకున్నాను. అనలేదు. ఆ నిర్ణయం నా చేతిలోనే పెట్టారు. మూడు రోజులు ప్రార్థించాను. దేవుడు విడిపించిన చోటికి మళ్లీ పంపకూడదని నాకు తోచింది. ఆ తోచినదాన్నే దేవుని మాట అనుకున్నాను. మరిదికి వద్దని చెప్పాను.

నా భర్త పక్కనే ఉండి విన్నాడు. తమ్ముడికి తన చేతులు చాచి చూపించాడు. వణుకుతున్నాయి. "ఇడిసిపెట్టు. ఇప్పుడెక్కితె పడత" అన్నాడు.

ఇంకో రెండేళ్లు అలా గడిచాయి. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు పొంగాయి, పొట్ట ఉబ్బింది. దవాఖానలో పదిహేను రోజులు ఉంచుకుని, లివర్ చెడిపోయింది, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఎండాకాలం. తాటిచెట్లకు కల్లు బాగా పారే రోజులు. గదిలో నులకమంచం మీద పడుకోబెట్టాం. మా అత్త వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది.

ఒక పొద్దున ఆయన, "తమ్మున్ని ఒక లొట్టి తెమ్మను. మా చెట్టుదే. ఎండ తలగకముందే" అన్నాడు. తమ్ముడు మొదటి బస్సుకే తెచ్చాడు. చిన్న లొట్టి, మూతికి తాటాకు కట్టి ఉంది. గదంతా ఆ వాసన. చాలా ఏళ్ల తర్వాత వచ్చిన ఆ వాసనకు నాకు మా వాకిలి, పైనుంచి ఆయన కేకలు, మా అత్త నవ్వు అన్నీ గుర్తుకొచ్చాయి.

మా అత్త గిన్నెలో పోయబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు గాదవ్వా. ఆమె వొయ్యాలె." నా వైపు చూశాడు. "నీ చేత్తోని ఒక్క బుక్కెడు."

నేను కదల్లేదు.

"వోస్తవా?"

"నేను మాటిచ్చిన. దేవునికి మాటిచ్చిన" అన్నాను.

మా అత్త లేచి వచ్చి నా గడ్డం పట్టుకుంది. "బిడ్డా, నీ కాల్మొక్త. పొయ్యేటోడు. ఒక్క బుక్కెడు. నీ దేవునికి నేను జెప్పుకుంట."

మరిది ముఖం తిప్పుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఇది పరీక్ష అని, నిలబడాలని నాకు నేనే చెప్పుకున్నాను. కళ్లు తెరిచేసరికి మా అత్త గిన్నె పట్టుకుని ఆయన నోటి దగ్గర పెడుతోంది. ఆయన పెదవులు బిగించి గోడ వైపు తిరిగాడు. కల్లు చెంప మీదుగా దిండులోకి కారింది.

మర్నాడు మధ్యాహ్నం పోయాడు. మధ్యలో నాతో ఏమీ అనలేదు. కోపంతో కాదు. ఆ పొద్దుటి తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు.

అయ్యగారు వచ్చి మంచం పక్కన ప్రార్థించి వెక్కి వెక్కి ఏడ్చారు. కానీ బల్లకు దూరమైన మనిషిని మందిరం తరఫున పాతిపెట్టడానికి పెద్దలు ఒప్పుకోలేదు. మరిది ట్రాక్టరు తెచ్చి శవాన్ని ఊరికి తీసుకుపోయాడు. కులపోళ్లు వచ్చారు. ఇన్నేళ్లు ఎగతాళి చేసినవాళ్లే పాడె మోశారు. తాటివనం పక్కన, ఆయన నాయిన పక్కన పెట్టారు. మట్టి కప్పాక మా గౌండ్ల కులం పద్ధతి ప్రకారం మీద కల్లు ధార పోశారు. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను గట్టు మీద నిలబడి చూశాను. ఇంటికి రాగానే మా అత్త అందరి ముందు ఒకే మాట అంది.

"చెట్టు మీద ఉన్నన్ని దినాలు బతికిండు. నువ్వు నేల మీదికి దెచ్చి సంపినవ్."

నేను చివరి బస్సుకు సిద్దిపేట వచ్చేశాను.

జరిగింది దవాఖాన ఆయా అక్కకు ఒక్కతికే చెప్పాను. గుమ్మం బయట ఉన్న ఎవరో విన్నట్టున్నారు. తర్వాతి ఆదివారం ఒక పెద్దాయన లేచి, మన చెల్లెలు భర్త చివరి గడియలో అడిగినా లొంగలేదు, విశ్వాసమంటే ఇది, అన్నాడు. చాపల మీది వాళ్లంతా స్తోత్రం అన్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. నన్ను మెచ్చుకుంటున్నారని అర్థమవుతోంది.

ఆయా అక్క స్తోత్రం అనలేదు. కూటం అయ్యాక నాతో పాటు ఇంటిదాకా నడిచింది. సందు మలుపు దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నేనైతె వోస్తుంటి బిడ్డా."

"మరి మాటిచ్చిన గద అక్కా."

"ఇచ్చినవ్. తప్పితె దేవుడు తిడుతుండె. తిడితె వడుతుంటివి." ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. నన్ను దేవుని దగ్గరికి తెచ్చిన మనిషి ఆమె. ఆ తర్వాతి ఏడు నౌకరీ అయిపోయి కూతురి ఊరికి వెళ్లిపోయింది. మళ్లీ చూడలేదు.

కొన్ని నెలల తర్వాత అయ్యగారిని అడిగాను. "అయ్యగారూ, ఆయన ఎక్కడున్నడు?"

తాగుబోతుకు పరలోకం లేదని మాకు నేర్పారు, కాబట్టి జవాబు నాకు తెలుసు. అయ్యగారికీ తెలుసు. ఆ మాట ఆయన నోట రాకూడదని, ఇంకేదైనా చెప్పాలని నేను ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను.

"నాకు తెలియదమ్మా" అన్నారు. "నేను రోజూ ఆయన కోసం అడుగుతున్నాను. అడగకూడదేమో, అయినా అడుగుతున్నాను." ఆ మనిషి ముఖం కూడా నాలాగే వాడిపోయి ఉంది. ఆ మరుసటి ఏడు ఆయన్ని వేరే ఊరికి పంపారు. కొత్తగా వచ్చినాయనకు నా భర్త సంగతి తెలియదు. నేను చెప్పలేదు.

పరలోకం గురించి పాడేటప్పుడు నేను చప్పట్లు మాత్రమే కొడతాను. ఆయన లేని చోటికి పోవాలని నాకు లేదు. ఆయన ఉన్న చోటు కోరుకునే ధైర్యమూ లేదు.

ఆయన పోయిన రెండో ఏడు మా అత్త మూట పట్టుకుని నా గది ముందుకు వచ్చింది. ఒక కంట్లో పువ్వు తెల్లగా కనిపిస్తోంది.

"కండ్లు కనిపిస్తలేవు. చిన్న కోడలు తిడుతది. నువ్వన్న తిట్టవు గద. నీ దేవుడు తిట్టనియ్యడు" అంది.

లోపలికి రమ్మన్నాను. ఆపరేషన్ చేయిస్తే ఒక కన్ను కొంచెం వచ్చింది. నాలుగేళ్లు నా దగ్గరే ఉంది. నేను వండింది తిన్నది. తల దువ్వించుకుంది. ఒక్కరోజు కూడా నన్ను క్షమించినట్టు మాట్లాడలేదు. నేనూ అడగలేదు. నేను ప్రార్థనకు మోకాళ్ల మీద కూర్చుంటే ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. కొడుకు తిరిగినట్టే తిరిగేది. ఆదివారం పొద్దున మాత్రం, ఆలస్యమైతే, "పో, యాల్లయింది. ఆన్నే కూసోపో" అనేది.

ఒకసారి బీడీలు కట్టలు కడుతుంటే ఉన్నట్టుండి అడిగింది. "ఆనాడు నువ్వు వోసుంటె ఏమైతుండె?"

"ఏం గాకపోతుండె అత్తా."

"నాకు ఎర్కే" అంది. చాట నా ముందుకు జరిపింది. ఇద్దరం చీకటిపడేదాకా కట్టలు కట్టాం.

ఆమె శనివారం సాయంత్రం పోయింది. మరిది వచ్చి ఊరికి తీసుకుపోయాడు. మా కులపోళ్ల పద్ధతిలోనే చెయ్యాలని ముందే చెప్పి ఉంచింది. నేను వెళ్లి, అంతా అయ్యేదాకా ఉండి, ఆదివారం మధ్యాహ్నం బస్సుకు సిద్దిపేట వచ్చాను. మందిరంలో కూటం అప్పటికే అయిపోయింది. చాపలు ఎత్తుతున్నారు. లోపలికి వెళ్లి ఒక మూల కూర్చున్నాను. ప్రార్థిద్దామని కళ్లు మూసుకున్నాను. ఏమీ రాలేదు. చాపలు ఎత్తే అమ్మాయి వచ్చి, తాళం వెయ్యాలి అక్కా, అంది. లేచి ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాతి ఆదివారం కూడా వెళ్లాను. ఇప్పటికీ వెళ్తున్నాను. అక్కడ కాక ఇంకెక్కడ కూర్చోవాలో నాకు తెలియదు.